చెరువు శిఖంలో దిగబడ్డ జేసీబీ: లాగకుండా ఎలా బయటికి తెచ్చాం

వరంగల్ వైపు ఒక మోస్తరు చెరువు. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక శిఖంలోంచి, అంటే చెరువు అడుగు నేలలోంచి, రైతులు పూడిక మట్టి పొలాలకు తోలుకుంటున్నారు. 2015లో తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైన దగ్గర్నుంచి మా దగ్గర ఈ పనికి ఊపొచ్చింది. ఇప్పుడు పథకం బిల్లులతో సంబంధం లేకుండానే మే నెలలో ట్రాక్టర్లు చెరువులోకి దిగుతాయి. మట్టి తవ్వి ట్రాలీల్లో పోయడానికి ఊరివాళ్లు ఒక బ్యాక్‌హో లోడర్‌ను, అంటే ముందు లోడర్ బకెట్, వెనక తవ్వే బకెట్ ఉండే జేసీబీని, గంటల లెక్కన మాట్లాడుకున్నారు. టూ వీల్ డ్రైవ్ బండి, అంటే ఇంజన్ బలం వెనక చక్రాలకే అందుతుంది. బరువు సుమారు ఏడున్నర టన్నులు. పని సాఫీగానే సాగుతోంది. ఒక రాత్రి గాలివాన పడింది. పొద్దున ఎండ కాసేసరికి పైన మట్టి ఆరినట్టే కనిపించింది. ట్రాక్టర్లు వరుసకట్టి నిలబడ్డాయి. ఆపరేటర్ నిన్నటి గుంత పక్కనుంచి బండిని ఇంకొంచెం లోపలికి పోనిచ్చాడు. ముందు చక్రాల కింద పెచ్చు పగిలింది. రివర్స్ వేస్తే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంతలు తోడుకున్నాయి. బండి దిగబడింది.

బండి ఓనర్‌కు ఉన్నది ఆ ఒక్క బండే, అదీ ఫైనాన్స్‌లో. ఇలాంటివాళ్లకు బండి ఒక్క రోజు ఆగినా కిస్తీ ఆగదు. అందుకే టెన్షన్‌లో ఏది దొరికితే దానితో లాగించేస్తారు. బురదలో దిగబడినందుకు అయ్యే నష్టం కంటే ఆ లాగుడులో జరిగే నష్టమే చాలాసార్లు ఎక్కువ. మెషీన్ల మెయింటెనెన్స్, రికవరీ పనులు చేసేవాడిగా ఈ కేసు మొత్తం రాయాలనుకోవడానికి కారణం ఇదే.

వెళ్లేసరికి ఉన్న పరిస్థితి

ముందు చక్రాలు ఇరుసు దాకా మునిగాయి. వెనక ఎడమ టైరు హబ్ (చక్రం నడిమి భాగం) దాటి దిగింది, కుడిది దానికంటే జానెడు పైన ఉంది. అంటే బండి ఎడమకు ఒరిగింది. ఛాసిస్ అడుగు బురదకు పూర్తిగా అంటుకుపోయింది. చక్రాల గుంతల్లో నీరు ఊరుతోంది. బండి వెనక నుంచి గట్టి నేల, అంటే ట్రాక్టర్లు రోజూ తిరిగి తొక్కిన బాట, ఆరేడు మీటర్ల దూరం.

ఇంజన్ ఆన్‌లోనే ఉంది. ఆపరేటర్ సీట్లో ఉన్నాడు. చుట్టూ ఊరు ఊరంతా మూగింది. అప్పటికే రెండు ట్రాక్టర్లు వెనక నిలబెట్టి, గొలుసు తెచ్చి వెనక బకెట్ పళ్లకు తగిలించారు.

"అన్నా, ఇంకొక్కసారి రేస్ చేస్తా, ట్రాక్టర్లు గుంజితే వచ్చేస్తది," అన్నాడు ఆపరేటర్.

"వద్దు తమ్మీ. న్యూట్రల్ చెయ్యి, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ముందుగాల ఆ గొలుసు తీయించు."

అతను మంచి పనిమంతుడు. ఒరిగిన బండిలో భయపడకుండా, బూమ్‌ను (వెనక తవ్వే చేతిని) పక్కకు తిప్పకుండా కూర్చున్నాడు. అది చాలా పెద్ద విషయం. వెనక బూమ్, ఆర్మ్, బకెట్ కలిసి టన్ను పైమాటే. ఎడమకు ఒరిగిన బండిలో ఆ బరువును ఎడమకే తిప్పితే బండి ఇంకా ఒరుగుతుంది, ఒక్కోసారి పక్కకు పడిపోతుంది కూడా. తిప్పాల్సి వస్తే ఎత్తుగా ఉన్న వైపుకే తిప్పాలి, లేదంటే మధ్యలోనే ఉంచాలి.

చక్రాలు తిప్పడం ఆపించడం ఎందుకంత ముఖ్యమంటే, బంకమట్టిలో తిరిగే టైరు మొదటి రెండు చుట్లలోనే పట్టు కోల్పోతుంది. గాడుల్లో మట్టి నిండి టైరు నున్నగా అయిపోతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టూ కింద మట్టిని తోడి పక్కకు నెడుతుంది తప్ప బండిని కదిలించదు. ఇంకోపక్క టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగంలో, నూనె మరిగిపోతుంది. చక్రం కదలకుండా యాక్సిలరేటర్ తొక్కిపట్టినప్పుడు ఇంజన్ శక్తంతా అక్కడే వేడిగా మారుతుంది. ట్రాన్స్‌మిషన్ వేడి చూపించే లైటు వెలిగేదాకా తొక్కినవాళ్లను నేను చూశాను. ఆ బండ్లకు బురద కంటే గేర్‌బాక్స్ రిపేరే బరువైంది.

కింద నేల ఎలాంటిది

చెరువులో నేల అంతటా ఒకేలా ఉండదు. వాగు వచ్చి చెరువులో కలిసే వైపు నీటి వేగం తగ్గగానే ఇసుక, గరుకు మట్టి అక్కడే ఆగిపోతాయి. సన్నటి బంకమట్టి మాత్రం నీటితో పాటు ఇంకా ముందుకు సాగి కట్ట దగ్గర, తూము దగ్గర నిదానంగా అడుగుకు చేరుతుంది. రైతులకు కావాల్సింది ఆ సన్నటి మట్టే. బండ్లు దిగబడేదీ అందులోనే. ఈ బండి నిలబడ్డ చోటు తూముకు దగ్గర్లో ఉంది.

దీనికి తోడు పరీవాహక ప్రాంతమంతా నల్లరేగడి. అందులో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అందుకే ఎండాకాలం చెరువు అడుగు నెర్రెలిచ్చి కనిపిస్తుంది. ఆ నెర్రెల మధ్య పెచ్చులు రాయిలా గట్టిగా ఉంటాయి, కానీ ఆ గట్టిదనం పైన ఒక అడుగో, అడుగున్నరో మాత్రమే. కింద మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. అలాంటి నేల మీద వాన పడితే నీరు పైన నిలవదు. నెర్రెల గుండా నేరుగా కిందికి దిగుతుంది. పైన మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, ఎండకు పైపొర ఆరుతుంది. చూసేవాడికి గట్టి నేలే కనిపిస్తుంది. వానకు ముందు మోసిన నేల వాన తర్వాత మోయదు అనడానికి కారణం ఇదే.

మనిషి నడిచి చూసి "ఏం కాదు, పోనీ" అనడం మన దగ్గర మామూలు. లెక్క చూద్దాం. డెబ్బై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు సుమారు మూడో వంతు కిలో భారం పడుతుంది. ఈ బండి వెనక టైరు ఒక్కోటి రెండున్నర టన్నుల దాకా మోస్తుంది, నేలకు ఆనే భాగం సుమారు 1,400 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.8 కిలోలు. ముందు టైర్లు సన్నవి. వాటి మీద బరువు తక్కువే అయినా ఆనే చోటు ఇంకా తక్కువ, కాబట్టి అక్కడ భారం 2.5 కిలోల దగ్గరికి వస్తుంది. మెత్తటి బంకమట్టి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దగ్గరికి వచ్చేసరికే చేతులెత్తేస్తుంది. మనిషిని మోసిన నేల జేసీబీని మోయకపోవడంలో వింతేమీ లేదు. ఎప్పుడూ ముందు చక్రాలే మొదట దిగడానికి కారణం కూడా ఇదే. ఇరవై టన్నుల పొక్లెయిన్ (ట్రాకుల మీద నడిచే తవ్వకం మెషీన్) మాత్రం వెడల్పాటి ట్రాకుల వల్ల చదరపు సెంటీమీటరుకు అర కిలోకు అటూ ఇటూగానే ఒత్తుతుంది, అందుకే అది అదే చెరువులో తిరగగలుగుతుంది.

నేను ముందుగా చేసింది చక్రం గుంత పక్కన మట్టిలో బొటనవేలు గుచ్చడం. కష్టం లేకుండా వేలంతా దిగింది. అలా దిగితే ఆ మట్టి మెత్తన, దాని మీద బండి బరువును నేరుగా ఆనించకూడదు. కొంచెం బలం పెడితేనే దిగితే మధ్యరకం. గోరు గుర్తు మాత్రమే పడితే గట్టిది. దీనికి పరికరమేమీ అక్కర్లేదు, ఎవరైనా చూడొచ్చు. బండి చుట్టూ, వెనక బాట దాకా ఇలా చూస్తూ వెళ్లాం. బాట నుంచి బండి వైపు వస్తుంటే సగం దూరం దాకా మధ్యరకమే ఉంది. తుంగ మొలిచిన ఒక చోటు మాత్రం పూర్తిగా మెత్తన. చుట్టూ ఎండి ఉన్నా ఒకచోట తుంగ పచ్చగా ఉందంటే కింద నీరున్నట్టే.

ట్రాక్టర్లతో ఎందుకు లాగనివ్వలేదు

సర్పంచ్ గారికి, రైతులకు ఇది చెప్పి ఒప్పించడానికే చాలాసేపు పట్టింది. రెండు ట్రాక్టర్లు, కావాలంటే ఇంకో రెండు వస్తాయి, అందరం ఒక్కసారి గుంజితే పోతుంది కదా అన్నది వాళ్ల మాట. సాయం చేయాలన్న తపనే అది.

రికవరీ పని చేసేవాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. చక్రాలు హబ్ దాకా దిగితే బండిని కదిలించడానికి బండి బరువంత లాగుడు కావాలి. ఛాసిస్ అడుగు బురదకు ఆనితే దానికి రెట్టింపు. ఇక్కడ ఛాసిస్ ఆనింది, అంటే పదిహేను టన్నుల దాకా కావాలి. 50 హెచ్‌పీ ట్రాక్టర్ బరువే రెండు టన్నుల చిల్లర. ఎంత ఇంజన్ ఉన్నా టైరుకు నేల మీద పట్టు ఉన్నంత వరకే లాగుతుంది. పొడి నేల మీద ఒక టన్నుకు కాస్త అటూ ఇటూ, తడి నేల మీద అది కూడా రాదు. నాలుగు ట్రాక్టర్లు కట్టినా నాలుగు టన్నులు. పదిహేను టన్నుల పని కాదది.

లాగినందువల్ల రాకపోవడం ఒక్కటే కాదు సమస్య. జర్క్ ఇచ్చి లాగితే గొలుసు తెగుతుంది. తెగిన గొలుసు ఎటు వస్తుందో ఎవరికీ తెలియదు, దాని దారిలో ఉన్న మనిషి బతకడు. బకెట్ పళ్లకు, ఆర్మ్‌కు కట్టి లాగితే పిన్నులు, బుష్‌లు పోతాయి, బూమ్ తిరిగే కింగ్‌పోస్ట్ మీద పక్కబలం పడుతుంది. ట్రాక్టర్‌కు గొలుసును ఇరుసు కంటే ఎత్తులో, పైన టాప్ లింక్ దగ్గర కట్టారంటే బరువు కదలనప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి బోర్లా పడుతుంది, డ్రైవర్ దాని కింద నలిగిపోతాడు. ఇది క్షణాల్లో జరిగిపోతుంది, బ్రేక్ తొక్కే సమయం కూడా ఉండదు. కట్టాల్సి వస్తే ఇరుసు కంటే కింద ఉండే డ్రాబార్‌కే కట్టాలి.

వాళ్లకు నేను చెప్పింది ఒకటే. బండిని బురద పట్టుకుని ఉంది, ముందు ఆ పట్టు విడిపించాలి. చక్రాల కింద నేల లేదు, ఆ నేల మనం కట్టాలి. అవి రెండూ చేస్తే బండి దాని బలంతో అదే వస్తుంది. ట్రాక్టర్లు లాగడానికి కాదు, మొరం తేవడానికి కావాలి. ఆ మాటకు అందరూ కదిలారు. ఒక ట్రాక్టర్ మొరానికి, ఇంకోటి ఊళ్లో పడి ఉన్న తాటి మొద్దుల కోసం వెళ్లాయి.

పొక్లెయిన్ పిలిపించే దారి కూడా ఆలోచించాం. బండి ఇంకా ఒరిగి ఉన్నా, బురద ఇంజన్ దాకా వచ్చినా, లేదా వెనక గట్టి నేల పది మీటర్ల పైన దూరం ఉన్నా అదే దిక్కు. అప్పుడు కూడా బూమ్‌తో గుంజకూడదు. పొక్లెయిన్ గట్టి నేల మీద నిలబడి, బండి ఛాసిస్ కొక్కేలకు తాడు వేసి, నేరుగా ఒకే వరుసలో, ట్రాకుల మీద నడుస్తూ నెమ్మదిగా లాగాలి. 20 ఎంఎం ఉక్కు తాడు తెగే బలం 25 టన్నుల దగ్గర ఉంటుంది కానీ దాన్ని నమ్మి పని పెట్టదగింది 5 టన్నులకే. తాడు బిగిసినప్పుడు మధ్యలో తడి గోనె సంచులు వేస్తే తెగినా ఎగిరిపడే ఊపు తగ్గుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల మనిషి కనిపించకూడదు. మా దగ్గర అంత అవసరం రాలేదు. వెనక వైపు మధ్యరకం నేల ఉంది, బ్యాక్‌హో కూడా ఆ వైపే ఉంది.

బురద పట్టు విడిపించడం

మొద్దులు వచ్చేలోపు పారలతో పని మొదలుపెట్టాం. ముందు నీళ్లు. బండికి కొంచెం దూరంలో, పల్లంగా ఉన్న చోట ఒక గుంత తవ్వి, చక్రాల గుంతల నుంచి దానిలోకి కాలువలు తీశాం. చిన్న డీజిల్ మోటార్ ఉంది ఒక రైతు దగ్గర, దాన్ని ఆ గుంతలో పెట్టారు. నీరు నిలిచినంత సేపూ మట్టి మెత్తబడుతూనే ఉంటుంది కాబట్టి ఇది చివరి దాకా ఆగకూడదు.

తర్వాత ఛాసిస్ కింద, ఇరుసుల చుట్టూ మట్టి తీయడం. తడి బంకమట్టిలో అదిమిన పలకను పైకి లాగితే కింద గాలి దూరక అది అంటుకుపోయి రాదు. మన చెప్పు బురదలో ఇరుక్కుని కాలు మాత్రమే బయటికి రావడం అందరికీ తెలుసు, ఏడున్నర టన్నుల బండికి జరిగేది అదే. ఎత్తే ముందు పక్కలనుంచి గాలి పోయే దారి చేయాలి. పొడవాటి ఇనుప కడ్డీలను ఛాసిస్ కింద ఇటునుంచి అటు దూర్చి కదిలిస్తూ సందులు చేశారు.

ఇక్కడ ఒక నియమం గట్టిగా పెట్టాను. ఎవరూ తలా, ఒళ్లూ బండి కిందికి పోనివ్వకూడదు. పార, కడ్డీ దూరం నుంచే. బండి హైడ్రాలిక్స్ మీద నిలబడి ఉన్నంతసేపు కిందికి చేయి కూడా పోకూడదు. ఒక హోస్ పగిలితే బండి కిందికి కూర్చోవడానికి సెకను చాలు.

వెనక చక్రాల వెనక వైపు మట్టిని ఏటవాలుగా కోశాం. టైరు నిలువు గోడను ఎక్కలేదు, వాలును ఎక్కుతుంది. రెండు మీటర్ల పొడవు వాలు తీస్తే చక్రం మీద బరువు అదే ఉన్నా ఎక్కాల్సిన కష్టం చాలా తగ్గుతుంది.

తాటి మొద్దుల మెత్తలు

మా ఊళ్లలో పాత ఇళ్ల దూలాలకు వాడిన తాటి మొద్దులు దొరుకుతాయి. చేవ తేరిన ముసలి తాడి అయితే పైపొర ఇనుములా ఉంటుంది. లోపల దూది లాంటి పీచు ఉన్న లేత మొద్దు పనికిరాదు, బరువు పడగానే నలిగిపోతుంది. నిలువునా చీల్చిన సగాలను నాలుగేసి అడుగుల పొడవుకు కోయించాం.

వెనక రెండు జాకీ కాళ్లు, అంటే స్టెబిలైజర్లు, ఒక్కోదాని అడుగు పలక 2,000 చదరపు సెంటీమీటర్లకు మించదు. బండి వెనక భాగాన్ని ఎత్తాలంటే ఒక్కో కాలు మీద రెండున్నర టన్నులు పడుతుంది. నేరుగా బురద మీద పెడితే బండి లేవదు, కాలే దిగుతుంది. నాలుగు అడుగుల మొద్దులు నాలుగైదు పక్కపక్కన పేర్చి, పైన అడ్డంగా ఇంకో వరుస పేర్చి మెత్తలా చేస్తే ఆ భారం 14,000 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 0.2 కిలోల లోపు. మనిషి అడుగు కంటే తేలిక. ఈ లెక్క చెప్పగానే మొద్దులు మోసే కుర్రాళ్లు తేలికైపోయారు, అప్పటిదాకా "ఇవి మునిగిపోతయ్ సార్" అంటూనే ఉన్నారు.

మొదటి ఎత్తులో ఎడమ వైపు మెత్త ఇబ్బంది పెట్టింది. పై వరుసలో మొద్దుల గుండ్రటి వైపు పైకి ఉంది. స్టెబిలైజర్ ఉక్కు పలక ఆ గుండ్రటి వీపు మీద, పైగా తడి మట్టితో, పక్కకు జారడం మొదలైంది. పలక చివర కొంచెం కొంచెంగా బయటికి జరుగుతూ రెండు మొద్దుల మధ్య సందు వెడల్పవుతోంది. చెయ్యి ఎత్తి ఆపమన్నాను, ఆపరేటర్ వెంటనే నెమ్మదిగా దించేశాడు. మెత్తను విప్పి మళ్లీ కట్టాం. కింద మొరం నింపిన గోనె సంచులు పరిచి, వాటి మీద మొద్దులను గుండ్రటి వైపు కిందికి, కోసిన చదును వైపు పైకి ఉండేలా అదిమి, రెండు చివర్లా బైండింగ్ వైరుతో కలిపి బిగించాం. గుండ్రటి వైపు సంచుల్లో కూరుకుని కదలకుండా కూర్చుంది. పైన చదునైన పలక. కుడివైపు మెత్తను కూడా ఇలాగే మార్చాం.

రెండోసారి ఎత్తు ఎలా చేశామంటే, ముందు లోడర్ బకెట్‌ను మొద్దుల మెత్త మీద చదునుగా ఆనించి ముందు భాగానికి ఆసరా ఇచ్చాం. ఆ తర్వాత వెనక కాళ్లు. పల్లంగా ఉన్న ఎడమ కాలు ముందు కొంచెం, తర్వాత కుడి, మళ్లీ ఎడమ. ఇంజన్ ఐడిల్ కంటే కొంచెం పైన. ప్రతి కొద్ది ఎత్తుకూ ఆపి, ఒక నిమిషం ఆగి, కడ్డీలతో కింద గాలి సందు చేయడం. మూడు నాలుగు ఆపుల తర్వాత ఛాసిస్ కింద బుస్సుమని శబ్దం వచ్చి నీటి బుడగలు లేచాయి. పట్టు వదిలిందని అర్థం. అప్పటినుంచి లివర్‌కు బండి సులువుగా స్పందించింది. ఈ శబ్దం కోసం ఓపికగా ఆగకుండా లివర్ పూర్తిగా నొక్కేస్తే సిలిండర్ రాడ్ వంగడమో, సీల్ పోవడమో జరుగుతుంది.

వెనక టైర్లు గుంతల్లోంచి పైకి వచ్చాక వాటి కింద మొద్దులు అడ్డంగా దూర్చాం. పొడవాటి గడలతో దూరం నుంచి తోశారు, చేతులు పెట్టలేదు. మొద్దుల మీద మొరం పోసి టైర్లను దించాం. స్టెబిలైజర్ల ఎత్తు ఒక్కసారికి సరిపోలేదు, మెత్తల కింద ఇంకో వరుస వేసి మళ్లీ ఎత్తి, టైర్ల కింద ఇంకో పొర వేశాం. తర్వాత ముందు వైపు. లోడర్ చేతులను కిందికి ఒత్తితే బకెట్ ఆసరాతో ముందు ఇరుసు లేచింది. ముందు టైర్లు సన్నవి కాబట్టి వాటి కింద మొద్దులను దగ్గర దగ్గరగా, సందు లేకుండా వేయించాను.

బయటికి రావడం

బండి ఇప్పుడు నాలుగు చక్రాల మీద, నాలుగింటి కిందా గట్టి అడుగు. వెనక వైపు రెండు టైర్ల బాటలుగా మొద్దులు, పైన మొరం, మధ్యరకం నేల మొదలయ్యే దాకా పరిచాం. ఇక నడుపుదామన్నారు. నేను ఇంకో పద్ధతి అడిగాను.

ఆపరేటర్ సీటు వెనక్కి తిప్పి కూర్చున్నాడు. గేరు న్యూట్రల్. స్టెబిలైజర్లు పూర్తిగా పైకి, లోడర్ బకెట్ నేలనుంచి కొంచెం పైకి. బూమ్, ఆర్మ్ బాగా చాపి, వెనక బకెట్ పళ్లను మధ్యరకం నేలలో గుచ్చాడు. హ్యాండ్ బ్రేక్ వదిలాక ఆర్మ్‌ను తన వైపు ముడిచాడు. బకెట్ నేలలో పట్టి ఉంది కాబట్టి బకెట్ రాలేదు, బండే దాని దగ్గరికి వెళ్లింది. చక్రాలు తిరగడానికి ఇంజన్ బలం పెట్టలేదు కాబట్టి మొద్దుల మీద జారుడు లేదు, మొద్దులు తన్నుకుపోలేదు. ఆర్మ్ ముడిచిన ప్రతిసారీ బండి మీటరు పైనే వచ్చింది. హ్యాండ్ బ్రేక్ వేసి, బకెట్ మళ్లీ వెనక్కి చాపి, మళ్లీ గుచ్చి, మళ్లీ బ్రేక్ వదిలి. బ్యాక్‌హో ఉన్న బండికి ఉన్న పెద్ద వరం ఇది. వెనక వైపు బయటపడాల్సి వచ్చినప్పుడు దాన్ని ఎందుకో చాలామంది వాడరు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. బూమ్ నడిమధ్యలో నేరుగా ఉండాలి, పక్కకు వంచి లాగితే కింగ్‌పోస్ట్ మీద పక్కబలం పడుతుంది. బకెట్ తిరిగే వలయంలో, బండి వెనక బాట మీద ఎవరూ ఉండకూడదు. హెల్పర్ ఒక్కడే పక్కన, ఆపరేటర్‌కు కనిపించే చోట నిలబడి సైగలు చేశాడు.

వెనక చక్రాలు ట్రాక్టర్ల బాట ఎక్కాక ముందు సీటుకు తిరిగి, మొదటి గేరు రివర్స్‌లో, యాక్సిలరేటర్ ఒకేలా పట్టి నడిపాడు. డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉన్న బండ్లలో దాన్ని చక్రాలు తిరగడం మొదలయ్యే ముందే నొక్కాలి, ఒక చక్రం ఊరికే తిరుగుతుండగా నొక్కితే గేర్లు దెబ్బతింటాయి. ఈ బండికి ఆ అవసరం పడలేదు. ముందు చక్రాలు కొంచెం మొరంలో దిగినా నిలబడలేదు. బాట మీదికి రాగానే రైతులు చప్పట్లు కొట్టారు. పొద్దున గొలుసు తెచ్చిన పెద్దాయన ఆపరేటర్ చేతికి నీళ్ల సీసా ఇచ్చి భుజం తట్టాడు.

బయటికి వచ్చాక బండికి చేసిన పనులు

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని అదే రోజు పనిలో పెడతారు. ఓనర్‌ను ఒప్పించి బండిని గట్టు మీదే ఆపించాను.

ముందు కడగడం. రేడియేటర్ జాలీలో ఎండిన బురద గాలిని ఆపితే మొదటి గంటలోనే ఇంజన్ వేడెక్కుతుంది, అది లోపలి వైపు నుంచి బయటికి కడగాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల చుట్టూ, బ్రేక్ పైపుల వెంబడి, స్టెబిలైజర్ రాడ్ల మీద పేరుకున్న బంక తీశాం. రాడ్ మీద ఎండిన మట్టితో సిలిండర్ ఆడిస్తే సీలు చిరుగుతుంది, అందుకే కడిగే దాకా కాళ్లు ఆడించవద్దన్నాను. టైర్ల పక్కగోడలకు మొద్దుల చీలికలు గుచ్చుకున్నాయేమో చేత్తో తడిమి చూశాం, వీల్ నట్లు మళ్లీ బిగించాం. అన్ని పిన్నులకూ గ్రీజు కొట్టాం, నిపుల్ నుంచి మట్టి కలిసిన పాత గ్రీజు పోయి శుభ్రమైన గ్రీజు బయటికి వచ్చేదాకా.

తర్వాత ఇరుసు నూనె. పనిలో వేడెక్కిన ఇరుసు చల్లటి బురదలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (గాలి ఆడేందుకు ఇరుసుకు ఉండే చిన్న రంధ్రం) లేదా సీలు గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. నూనె పాలు కలిసినట్టు తెల్లబడితే నీరు చేరినట్టే. కానీ కొంచెం నీరే పోతే అప్పుడే తెలియదు. బండిని రాత్రంతా కదల్చకుండా ఉంచి, పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ ప్లగ్‌ను ఒక చుట్టు వదులు చేసి చూడాలి. నీరు నూనె కంటే బరువు కాబట్టి అడుగున చేరి ముందు అదే కారుతుంది. వెనక ఇరుసు ప్లగ్ దగ్గర మొదటి బొట్టు నుంచే నూనె వచ్చింది, నీరు లేదు. బ్రీదర్ మాత్రం మట్టితో మూసుకుపోయింది, విప్పి కడిగి పెట్టాం.

ముందు హబ్‌ల దగ్గర తేడా కనిపించింది. టూ వీల్ డ్రైవ్ బండికి ముందు చక్రాల బేరింగులు గ్రీజుతో నడుస్తాయి, ఇవి ఇరుసు దాకా బురదలో మునిగాయి. ఎడమ హబ్ మూత విప్పితే గ్రీజు బూడిద రంగులో, వేళ్ల మధ్య నలిపితే సన్నటి గరుకుతో ఉంది. బేరింగులు తీసి డీజిల్‌లో కడిగి ఆరబెట్టాం, రోలర్ల మీద గుంటలు పడలేదు. సీలు కొత్తది వేసి, గ్రీజు నింపి బిగించాం. కుడి హబ్ శుభ్రంగానే ఉన్నా సీలు, గ్రీజు దానికీ మార్చాం. కొన్ని రోజులు నడిచాక ఎడమది మళ్లీ విప్పి చూపించమని ఓనర్‌కు చెప్పాను. తీసుకొచ్చాడు. గ్రీజు రంగు మారలేదు, గరుకు లేదు.

చెరువులో మిగిలిన మట్టి పని వాగు వైపు గరుకు నేలలోంచి దారి తీసుకుని చేశారు. తూము దగ్గరి భాగానికి మాత్రం పొక్లెయిన్ మాట్లాడుకున్నారు.